ఫోను గంట మన చేతిలో



గంట మనకు కొత్త కాదు. గుడిలో గంట మోగితే హారతి ఇస్తున్నారని తెలుస్తుంది. బడిలో ఆఖరి గంట మోగితే పిల్లలు ఇంటికి వస్తారని తెలుస్తుంది. వెనక సైకిలు గంట మోగితే పక్కకు జరుగుతాం. ఏ గంట ఎందుకు మోగిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన ఇంట్లోకి ఇంకో గంట వచ్చింది. అది ఫోను గంట. ఎవరో మాట్లాడటానికి ఫోను చేస్తే మోగే గంట కాదు. ఎవరూ ఫోను చెయ్యకపోయినా టింగుమని మోగుతుంది. తెర మీద రెండు వరసల అక్షరాలు కనిపిస్తాయి. కాసేపటికి తెర నల్లబడుతుంది.

దీన్ని నోటిఫికేషన్ అంటారు. తేలిక మాటలో చెప్పాలంటే కబురు.

ఒకప్పుడు ఆ అక్షరాలు మనకు చీమల బారులాగా కనిపించేవి. ఇప్పుడు వాటిని చదవగలం. చదవగలిగితే చాలదు. ఏ కబురు మనకు కావాలో, ఏది వద్దో మనమే చెప్పాలి. అది ఎలాగో ఈ పాఠంలో నేర్చుకుందాం.

ముఖ్యంగా ఫోను ద్వారా కూరలు, పచ్చళ్ళు, పిండివంటలు అమ్మే ఆడవాళ్ళు ఈ పాఠం బాగా చదవాలి. వాళ్ళకు గంట మోగకపోతే బేరం పోతుంది. అక్కర్లేని గంటలు ఎక్కువైతే పని చెడుతుంది.

కర్రీ పాయింటులో ఏం జరిగింది?

ఏలూరు లాంటి ఒక పట్టణం అనుకుందాం. అక్కడ నలుగురు ఆడవాళ్ళు కలిసి కర్రీ పాయింటు పెట్టారు. నలుగురూ ఒకే పొదుపు సంఘంలో సభ్యులు. సంఘం నుంచి అప్పు తీసుకున్నారు. నెలకు 2,000 రూపాయలు వాయిదా కట్టాలి.

పొద్దున్నే పప్పు, సాంబారు, వంకాయ కూర, బెండకాయ వేపుడు, గోంగూర పచ్చడి చేస్తారు. కవర్లలో కట్టి అమ్ముతారు. దారిన పోయేవాళ్ళు కొనుక్కుంటారు. అవతలి పేటల వాళ్ళు అంత దూరం రాలేరు. అందుకని ఇంటికి తెచ్చి ఇచ్చే యాప్‌లో తమ షాపును చేర్పించారు.

యాప్ అంటే ఏమిటి? ఫోనులో ఒక్కో పనికి ఒక్కో ఏర్పాటు ఉంటుంది. దాన్నే యాప్ అంటారు. ఫొటోలకు ఒకటి, పాటలకు ఒకటి, డబ్బు పంపడానికి ఒకటి. స్విగ్గీ, జొమాటో లాంటివి తిండి తెచ్చి ఇచ్చే యాప్‌లు.

అమ్మకం ఇలా జరుగుతుంది. కొనేవారు తమ ఫోనులో కూర ఎంచుకుంటారు. ఆ కబురు అమ్మేవారి ఫోనుకు వస్తుంది. అమ్మేవారు సరే అని నొక్కాలి. కూర కట్టి సిద్ధంగా పెట్టాలి. డెలివరీ అబ్బాయి బండి మీద వచ్చి తీసుకుపోతాడు. అమ్మేవారు కొద్ది నిమిషాల్లో సరే అనకపోతే ఆర్డరు రద్దయిపోతుంది.

మొదట్లో పెద్దక్క కొడుకు ఫోనులో యాప్ పెట్టారు. అబ్బాయి ఫోను తీసుకుని కాలేజీకి పోయాడు. ఆర్డర్లూ అతనితోపాటే కాలేజీకి పోయాయి! దాంతో నలుగురూ కలిసి సంఘం పేరున ఒక ఫోను కొన్నారు. అందులో యాప్ పెట్టారు.

మరునాడు ఆదివారం. కూరలన్నీ సిద్ధం చేశారు. ఫోను గూట్లో పెట్టారు. మధ్యాహ్నం రెండు దాటింది. ఒక్క ఆర్డరూ రాలేదు. నలుగురిలోకి చిన్నదైన చిన్నమ్మి ఫోను తీసి యాప్ తెరిచింది.

"పెద్దక్కా! మూడు ఆర్డర్లు వచ్చినయ్. మూడూ రద్దయిపోయినయ్!"

"అదేంటే! గంట మోగలేదుగా?"

"ఫోను పాడైందేమో వదినా" అంది పెద్దక్క ఆడపడుచు.

"పాడైతే పొద్దున మా తమ్ముడు చేసిన ఫోను ఎలా మోగింది?" అంది పెద్దక్క.

మూడు ఆర్డర్లు. ఒకటి 160 రూపాయలు. ఒకటి 210. ఒకటి 140. మొత్తం 510 రూపాయలు. పెద్దక్క వేళ్ళ మీద లెక్క వేసింది. నెలకు నాలుగు ఆదివారాలు ఇలాగే అయితే 2,040 రూపాయలు. అంటే సంఘం వాయిదా మొత్తం ఆ గంటతోనే పోతుంది!

చివరి అక్షరం దాకా చదవాలి

సాయంత్రం చదువు చెప్పే పంతులమ్మ వచ్చింది. సంగతి విన్నది.

"అమ్మాయ్, యాప్ కొత్తగా తెరిచినప్పుడు నిన్ను ఏమైనా అడిగిందా?"

"అడిగిందండీ. కింద రెండు మాటలు వచ్చినయ్. రెండూ ఒకేలా ఉన్నయ్. చేతికి పిండి అంటుకుని ఉంది. తొందరలో ఒకటి నొక్కేశా."

పంతులమ్మ బిల్లు పుస్తకం వెనక రెండు మాటలు రాసింది.

అనుమతించు

అనుమతించవద్దు

"ఇప్పుడు నిదానంగా చదువు."

చిన్నమ్మి కూడబలుక్కుని చదివింది. రెండో మాట చివరికి వచ్చేసరికి నాలుక కరుచుకుంది.

"వద్దు! అయ్యో, వద్దని నేనే నొక్కానా!"

"నీ తప్పేం లేదమ్మా. మన తెలుగులో వద్దు, లేదు, కాదు అనేవి చివరనే వస్తాయి. సగం చదివి ఆగితే అర్థం తలకిందులవుతుంది. తొందరపెట్టే చోటే నిదానంగా చదవాలి. చివరి అక్షరం దాకా చదవాలి."

కొన్ని ఫోన్లలో ఈ మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. అలో అంటే అనుమతించు. డోంట్ అలో అంటే అనుమతించవద్దు. ఫోనును తెలుగులోకి మార్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో భాష ఎంచుకునే చోటు ఉంటుంది. చదవగలిగిన భాషలో ఫోను ఉంటే సగం భయం పోతుంది.

కబురు ఎలా వస్తుంది?

ఉత్తరం సంగతి మనకు తెలుసు. ఉత్తరం మీద చిరునామా రాస్తాం. పోస్టాఫీసులో వేస్తాం. పోస్ట్‌మ్యాన్ మన తలుపు దగ్గరికి తెచ్చి ఇస్తాడు. ఫోను కబురు కూడా అలాగే వస్తుంది.

మనం ఫోనులో యాప్ పెట్టగానే ఆ ఫోనుకు ఒక చిరునామా తయారవుతుంది. అది మనకు కనిపించదు. యాప్ కంపెనీ కంప్యూటరుకు తెలుస్తుంది. ఎవరైనా కూర ఆర్డరు చేస్తే ఆ కంప్యూటరు ఒక కబురు రాసి పంపుతుంది. అది నేరుగా మన దగ్గరికి రాదు. మధ్యలో పోస్టాఫీసులాంటి ఏర్పాటు ఉంది. ఐఫోన్లకు ఆపిల్ కంపెనీ 2009లో ఈ ఏర్పాటు చేసింది. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ కంపెనీ 2010లో చేసింది.

ఈ పోస్టాఫీసు ఎందుకు? ఫోనులో పది యాప్‌లు ఉన్నాయనుకోండి. పదీ నిమిషానికోసారి వెళ్ళి నాకేమైనా కబురుందా అని అడిగితే బ్యాటరీ అయిపోతుంది. డేటా అయిపోతుంది. అందుకని పది యాప్‌లకూ ఒకే పోస్ట్‌మ్యాన్. కబురు ఉంటేనే వస్తాడు. మనం వెళ్ళి అడగకుండానే కబురు మన దగ్గరికి తోసినట్టు వస్తుంది. ఇంగ్లీషులో పుష్ అంటే తోయడం. అందుకే దీన్ని పుష్ నోటిఫికేషన్ అంటారు.

అయిదు తలుపులు

ఈ కబురు మన చెవికి చేరాలంటే అయిదు తలుపులు తెరిచి ఉండాలి. ఒక్కటి మూసి ఉన్నా గంట మోగదు.

మొదటి తలుపు: డేటా. ఫోనులో ఇంటర్నెట్ ఉండాలి. డేటా ఆపేస్తే కబురు పోస్టాఫీసులోనే ఆగిపోతుంది. మళ్ళీ డేటా పెట్టినప్పుడు రావచ్చు. కానీ అప్పటికి ఆర్డరు పోయి ఉంటుంది. చల్లారిన తర్వాత వచ్చిన కబురు ఎందుకు?

రెండో తలుపు: చిరునామా. ఫోను మారిస్తే చిరునామా మారుతుంది. యాప్ తీసేసి మళ్ళీ పెట్టినా మారవచ్చు. కొత్త ఫోనులో యాప్ తెరిచి, మన నంబరుతో లోపలికి వెళ్ళాలి. దీన్ని లాగిన్ అంటారు. అప్పుడే కబుర్లు కొత్త ఇంటికి వస్తాయి.

మూడో తలుపు: అనుమతి. చిన్నమ్మి మూసింది ఈ తలుపే. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా పెట్టిన యాప్ మన అనుమతి అడిగిన తర్వాతే కబుర్లు పంపాలి. ఇది మన మంచికే. కానీ ఒకసారి వద్దు అంటే యాప్ మళ్ళీ అడగకపోవచ్చు. అప్పుడు మనమే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి తలుపు తెరవాలి.

నాలుగో తలుపు: శబ్దం. ఫోను పక్కన ఉండే మీటతో శబ్దం తగ్గిపోవచ్చు. పిల్లలు ఆట ఆడుతూ సైలెంటులో పెట్టవచ్చు. డు నాట్ డిస్టర్బ్ అనే ఇంకో మీట ఉంటుంది. నన్ను కదిలించవద్దు అని దాని అర్థం. చంద్రవంక బొమ్మో, అడ్డగీత ఉన్న గుండ్రని బొమ్మో కనిపిస్తే అది పెట్టి ఉందేమో చూడండి.

అయిదో తలుపు: బ్యాటరీ. చాలాసేపు ముట్టుకోకపోతే ఫోను కునుకు తీస్తుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి ఈ అలవాటు మొదలైంది. బ్యాటరీ మిగల్చడానికి యాప్‌లను నిద్రపుచ్చుతుంది. కబుర్లు ఆలస్యం కావచ్చు. మన ఆర్డర్ల యాప్‌ను మాత్రం నిద్రపుచ్చవద్దని ఫోనుకు చెప్పాలి.

పెద్దక్క తమ్ముడు ఫోను చేస్తే ఎందుకు మోగిందో ఇప్పుడు అర్థమైంది కదా? ఫోను మాటల తలుపు వేరు. యాప్ కబుర్ల తలుపు వేరు. ఒకటి తెరిచి ఉందని రెండోది తెరిచి ఉందనుకోకూడదు.

తలుపులు ఎలా తెరవాలి?

ఫోను చేతిలోకి తీసుకోండి. ఒక్కో మెట్టు చదివి, చేసి, తర్వాతి మెట్టుకు వెళ్ళండి. ఫోను కంపెనీని బట్టి పేర్లు కొంచెం మారవచ్చు. కంగారు పడకండి. దగ్గరి మాట వెతకండి.

1. సెట్టింగ్స్ తెరవండి. పళ్ళ చక్రం బొమ్మ ఉంటుంది.

2. యాప్స్ అనే మాట వెతకండి. దాని మీద నొక్కండి.

3. మీ ఆర్డర్ల యాప్ పేరు వెతకండి. దాని మీద నొక్కండి.

4. నోటిఫికేషన్స్ అనే మాట మీద నొక్కండి.

5. పైన ఒక మీట ఉంటుంది. దాన్ని ఆన్ చెయ్యండి. ఆన్ చేస్తే మీటకు రంగు వస్తుంది.

6. కింద ఇంకొన్ని వరసలు ఉండవచ్చు. ఒక్కో వరసా చదవండి. ఆర్డర్లకు సంబంధించిన వరసను ఆన్‌లో ఉంచండి. దానికి శబ్దం ఉందో లేదో చూడండి.

7. వెనక్కి రండి. అదే యాప్ పేరు కింద బ్యాటరీ అనే మాట ఉంటుంది. అందులో అన్‌రిస్ట్రిక్టెడ్ అనే మాట ఎంచుకోండి. ఆంక్ష లేదు అని దాని అర్థం.

8. ఇప్పుడు యాప్ తెరవండి. యాప్ లోపల కూడా సెట్టింగ్స్ ఉంటే, అక్కడ ఆర్డరు గంట గట్టిగా మోగేలా పెట్టండి.

ఐఫోనులో దారి ఇంకా చిన్నది. సెట్టింగ్స్, తర్వాత నోటిఫికేషన్స్, తర్వాత యాప్ పేరు.

చిన్నమ్మి ఈ మెట్లన్నీ తన చేత్తోనే చేసింది. పంతులమ్మ ఫోను ముట్టుకోలేదు. పక్కన కూర్చుని చూసిందంతే. ఎవరో చేసి పెడితే మనకు రాదు. మన వేలు నడిస్తేనే దారి గుర్తుంటుంది.

మరునాడు పదకొండింటికి గూట్లో ఫోను మోగింది. చిన్నమ్మి పరుగెత్తుకెళ్ళి సరే అని నొక్కింది. రెండు పప్పులు, ఒక గోంగూర పచ్చడి!

ఏ గంట కావాలి? ఏ గంట వద్దు?

నాలుగు రోజులు గడిచాయి. ఇప్పుడు ఇంకో తంటా వచ్చింది. గంట మోగుతూనే ఉంది. వేపుడు కలుపుతుంటే టింగ్. పరుగెత్తితే ఆర్డరు కాదు. మీ షాపుకు ప్రకటన ఇవ్వండి అని ఉంది. అన్నం వారుస్తుంటే టింగ్. మళ్ళీ పరుగెత్తితే కొత్త ఆఫరు అని ఉంది. ఒకసారి పెద్దక్క చెయ్యి కాలింది కూడా.

"ఈ గోల నా వల్ల కాదు. మొత్తం తీసెయ్యండి" అంది పెద్దక్క.

"పాలు పొంగుతుంటే మంట తగ్గిస్తాం గానీ పాలు పారబోస్తామా పెద్దక్కా?" అంది పంతులమ్మ. "బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరుదాం."

కబుర్లను మూడు కుప్పలు చేశారు.

మొదటి కుప్ప: వెంటనే చూడాల్సినవి. కొత్త ఆర్డరు వచ్చింది. ఆర్డరు రద్దయింది. డెలివరీ అబ్బాయి వచ్చాడు. వీటికి గంట గట్టిగా మోగాలి.

రెండో కుప్ప: తీరిగ్గా చూడాల్సినవి. వారం డబ్బు బ్యాంకులో పడింది. ఎవరో కూర బాగుందని రాశారు. ఇవి రావాలి, కానీ గంట అక్కర్లేదు. రాత్రి కూర్చుని చూసుకోవచ్చు.

మూడో కుప్ప: అక్కర్లేనివి. ఆఫర్లు, ప్రకటనలు, పోటీలు. ఇవి రాకపోయినా నష్టం లేదు. ఆపెయ్యవచ్చు.

ఇలా వేరు చేసే వీలు 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి ఉంది. ఆరో మెట్టులో చూసిన వరసలు అవే. యాప్ చేసినవాళ్ళు ఆర్డర్లను ఒక వరసగా, ఆఫర్లను ఇంకో వరసగా పెడితే మనం ఒకటి ఉంచి ఒకటి ఆపవచ్చు. అన్నీ ఒకే వరసలో కలిపేసి ఉంటే యాప్ లోపలి సెట్టింగ్స్‌లో వెతకాలి. పైనున్న పెద్ద మీట మాత్రం ఆపకండి. అది ఆపితే ఆఫర్లతోపాటు ఆర్డర్లూ పోతాయి.

గంట ఆపడం వేరు, షాపు మూయడం వేరు

ఇది చాలామంది పొరపడే చోటు. రాత్రి నిద్రకు అడ్డమని ఫోను సైలెంటులో పెడతాం. గంట ఆగుతుంది. కానీ షాపు మూసినట్టు కాదు. కొనేవారికి మన షాపు తెరిచినట్టే కనిపిస్తుంది. వాళ్ళు ఆర్డరు పెడతారు. మనం పలకం. వాళ్ళు ఆకలితో ఎదురుచూసి విసుక్కుంటారు. మళ్ళీ మన షాపు వైపు చూడరు.

అమ్మేవారి యాప్‌లో షాపు తెరవడానికి, మూయడానికి ఒక మీట ఉంటుంది. ఆన్‌లైన్ అంటే షాపు తెరిచాం. ఆఫ్‌లైన్ అంటే మూశాం. తలుపుకు తాళం వేసేటప్పుడే ఆ మీట కూడా ఆపండి. వంకాయ కూర అయిపోతే అయిపోయిందని యాప్‌లో పెట్టండి. లేనిదానికి గంట మోగడం కూడా తంటాయే.

ఫోను ఎవరిది?

ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది చాలాసార్లు మగవాళ్ళ జేబులో ఉంటుంది. షాపు మనది. కష్టం మనది. కానీ గంట వాళ్ళ జేబులో మోగుతుంది. ఆర్డరు ఎంత వచ్చింది, డబ్బు ఎంత పడింది అనే కబురూ వాళ్ళకే తెలుస్తుంది.

కలిసి వ్యాపారం చేసే ఆడవాళ్ళు సంఘానికి ఒక ఫోను పెట్టుకోవడం మంచిది. నంబరు సంఘంలోని ఒకరి పేరున ఉండాలి. ఫోను షాపులోనే ఉండాలి. ఏ రోజు ఎవరు గంట చూడాలో వంతు వేసుకోవాలి. అందరికీ సెట్టింగ్స్ తెలిసి ఉండాలి. ఒక్కరికే తెలిస్తే ఆ ఒక్కరూ ఊరెళ్ళిన రోజు షాపు మూతపడుతుంది.

తొందరపెట్టే కబుర్లు

మనం అమ్మేవాళ్ళమే కాదు, కొనేవాళ్ళం కూడా. కొనేవారి ఫోనుకు రకరకాల కబుర్లు వస్తాయి. మీ ఆర్డరు బయల్దేరింది అనేది పనికొచ్చే కబురు. ఇంకా పది నిమిషాలే, త్వరపడండి అనేది మనల్ని పరుగు పెట్టించే కబురు. పది నిమిషాలు పోయాక చూస్తే అదే ధర ఉండవచ్చు.

లేని తొందర పుట్టించి అమ్మడం తప్పు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న దీని మీద నియమాలు తెచ్చింది. ఇలాంటి 13 రకాల మాయలను చెయ్యకూడదని చెప్పింది. తప్పుడు తొందర పుట్టించడం అందులో ఒకటి. మనకు చెప్పకుండా బుట్టలో ఇంకో వస్తువు చేర్చడం ఒకటి. వద్దన్నా పదే పదే అడిగి విసిగించడం ఒకటి. ఇలా మోసపోయామనుకుంటే 1915 నంబరుకు ఫోను చేసి చెప్పవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ నంబరు.

మోసపు కబుర్లు

కొన్ని కబుర్లు యాప్ నుంచి వచ్చినట్టే కనిపిస్తాయి. కానీ దొంగలు పంపినవి. అవి ఇలా ఉంటాయి. మీ షాపు ఆగిపోతుంది, ఇక్కడ నొక్కండి. మీకు డబ్బు రావాలి, పిన్ను కొట్టండి. మీ ఆర్డరు ఆగింది, ఓటీపీ చెప్పండి.

మూడు మాటలు గుర్తు పెట్టుకోండి.

డబ్బు తీసుకోవడానికి పిన్ను అక్కర్లేదు. పంపడానికే పిన్ను కావాలి. పిన్ను కొట్టమన్నారంటే మన డబ్బు పోతుందని అర్థం.

బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. కొన్ని యాప్‌లలో సరుకు చేతికి ఇచ్చేటప్పుడు డెలివరీ అబ్బాయి ఒక అంకె అడుగుతాడు. అది వేరు. అది ఆ ఆర్డరులోనే కనిపిస్తుంది. మనిషి, సరుకు రెండూ ఎదురుగా ఉన్నప్పుడే ఆ అంకె చెప్పాలి. ఫోనులో అడిగితే చెప్పకూడదు. ఏ అంకె దేనికో కబురులోనే రాసి ఉంటుంది. చివరి దాకా చదవండి.

అనుమానం వస్తే కబురు మీద నొక్కకండి. మనమే యాప్ తెరిచి చూడాలి. నిజమైన కబురైతే యాప్ లోపల కూడా ఉంటుంది.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి దాచకండి. వెంటనే 1930 నంబరుకు ఫోను చెయ్యండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకో మాట. ఫోనుకు తాళం వేసి ఉన్నా కబుర్లు తెర మీద కనిపించవచ్చు. ఓటీపీ కూడా అలా పక్కవాళ్ళ కంట పడవచ్చు. తాళం ఉన్నప్పుడు లోపలి మాటలు కనిపించకుండా సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. లాక్ స్క్రీన్ అనే మాట దగ్గర వెతకండి.

గోడ మీద రాసుకోండి

పొయ్యి వెలిగించే ముందు రోజూ చూడాల్సినవి:

డేటా ఉందా?

బ్యాటరీ నిండిందా?

శబ్దం ఉందా?

యాప్ ఆన్‌లైన్‌లో ఉందా?

అయిపోయిన కూరల పేర్లు తీశామా?

పెద్దక్క వాళ్ళు ఈ అయిదు వరసలూ సుద్దముక్కతో గోడ మీద రాశారు. పొద్దున ఎవరు ముందు వస్తే వాళ్ళు చదివి, చూసి, పొయ్యి వెలిగిస్తారు.

కొత్త మాటలు

కబురు, నోటిఫికేషన్, అనుమతి, లాగిన్, సెట్టింగ్స్, మీట, ఆన్‌లైన్, ఆఫ్‌లైన్, ఓటీపీ.

చదవండి, తేడా చెప్పండి

అనుమతించు - అనుమతించవద్దు

పంపు - పంపవద్దు

గుర్తుంచుకో - గుర్తుంచుకోవద్దు

డబ్బు పడింది - డబ్బు పడలేదు

లెక్క కట్టండి

ఒక షాపుకు సోమవారం 6 ఆర్డర్లు వచ్చాయి. అందులో 2 రద్దయ్యాయి. ఒక్కో ఆర్డరు 150 రూపాయలు అనుకోండి. ఎంత వచ్చింది? ఎంత పోయింది?

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? మీకు కావాల్సిన కబురు మీకు అందుతోందా?

2. నిన్న మీ ఫోనుకు వచ్చిన కబుర్లలో పనికొచ్చినవి ఎన్ని? పనికిరానివి ఎన్ని?

3. పెద్దక్క మొత్తం తీసెయ్యమంది. పంతులమ్మ ఏరుదాం అంది. ఎందుకు?

చేసి చూడండి

ఇద్దరిద్దరు కూర్చోండి. ఒకరి ఫోనులో ఒక యాప్ ఎంచుకోండి. ఒకరు పాఠంలోని మెట్లు పైకి చదవాలి. ఇంకొకరు ఫోనులో చెయ్యాలి. అక్కర్లేని ఒక వరస ఆపండి. తర్వాత వంతు మార్చుకోండి.

రేపు తరగతికి వచ్చేటప్పుడు మూడు వాక్యాలు రాసుకురండి. ఏ గంట ఉంచారు? ఏ గంట ఆపారు? ఎందుకు?